మిక్సీ పట్టిన ఉల్లిముద్ద చేదెక్కుతోంది. తప్పు ఉల్లిపాయదా, నాదా?

కృష్ణలంక కోడలు
ఈ నెలలో ఇది మూడోసారి. గుత్తి వంకాయ చేద్దామని ఆరు ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, నాలుగు పచ్చిమిరపకాయలు అన్నీ పచ్చివే కలిపి మిక్సీలో మెత్తగా పట్టా. నూనెలో వేసి పావుగంట తిప్పా. కూరంతా ఒకటే చేదు, పైగా పచ్చి వాసన. మా ఆయన నోరెత్తలేదు గానీ రెండో ముద్దకే పెరుగన్నంలోకి వెళ్ళిపోయాడు. అంతకంటే ఏం చెప్పాలి? అవే ఉల్లిపాయలు, అదే పొయ్యి, మా అత్తగారు రోట్లో నూరి చేస్తే చేదుండదు. "ఆ చేదు మిక్సీది" అంటారావిడ. మిక్సీకి చేదేంటండీ, స్టీలు బ్లేడేగా. ఉల్లిపాయలు పటమట రైతు బజార్లో కొన్నవి, ఎర్రవి, ఎక్కడా కుళ్ళు లేదు. ఇంకెవరికైనా ఇట్టా అయ్యిందా?

నాలుగోలైను
అయ్యింది. ముందు ఉల్లిపాయలు మార్చా, తర్వాత నూనె మార్చా, చివరికి మిక్సీనే మార్చా. మూడువేలు వదిలాయి. చేదు మాత్రం వదల్లేదు.

తెనాలి తాలింపు
పచ్చి ఉల్లిపాయ మిక్సీలో వెయ్యకూడదమ్మా. ముక్కలు ముందు నూనెలో వేయించి, బాగా చల్లారాక పట్టుకో. అంతే.

పటమట పాప
మా ఇంట్లో పచ్చిదే వేస్తాం, ఏనాడూ చేదు రాలేదు. ఆంటీ వెల్లుల్లి మాడ్చేసి ఉంటారు.

కృష్ణలంక కోడలు
ఆంటీ ఎవరమ్మా? నాకు ఇరవై తొమ్మిది. ఏమీ మాడలేదు, సన్నసెగ మీదే ఉంది.

పటమట పాప
సారీ అక్కా.

బయాలజీ మాస్టారు
అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఉల్లిపాయలో గంధకం ఉన్న పదార్థం ఒకచోట, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఇంకోచోట, ఒకే కణంలో వేరువేరు అరల్లో ఉంటాయి. పాయ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు ఆ రెండూ కలవవు. అందుకే బుట్టలో ఉన్న ఉల్లిపాయ ఎవర్నీ ఏడిపించదు. కత్తి పడగానే కలుస్తాయి, అప్పుడు పుట్టే ఆవిరే కళ్ళమ్మట నీళ్ళు తెప్పిస్తుంది. కత్తికి కొన్ని కణాలే తెగుతాయి. మిక్సీ నిమిషం తిరిగిందంటే దాదాపు ఏదీ మిగలదు. ఆ ఘాటూ చేదూ అంతా ఒకేసారి బయటపడతాయి, ముద్ద ఓ పది నిమిషాలు గిన్నెలో కూర్చుంటే ఇంకా ముదురుతాయి.

వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ముందు వేయించి తర్వాత పట్టమని తెనాలి గారు చెప్పింది అందుకే.

వెల్లుల్లిదీ ఇదే కథ. పులుసులో గుండుగా వేసిన రెబ్బ ఉడికి వెన్నలా, తియ్యగా ఉంటుంది. అదే రెబ్బ దంచి వేస్తే ఇల్లంతా ఘాటు. రెబ్బ ఒకటే, పగలగొట్టడం వేడికి ముందా, వెనకా అన్నదే తేడా.

తెనాలి తాలింపు
మాస్టారూ, నేను రెండు ముక్కల్లో చెప్పింది మీరు రెండు పేరాల్లో చెప్పారు.

రోలు రోకలి
రోటికీ మిక్సీకీ తేడా ఏంటో నేను చెప్తా. మాది మంగళగిరి పక్కన. మా అమ్మ ఉల్లికారం నూరేటప్పుడు ఉల్లిపాయ ఆఖర్న పడుద్ది. ముందు ఎండుమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర. అవి నలిగాక చింతపండు, వెల్లుల్లి. అప్పుడు ఉల్లిపాయ ముక్కలేసి రోకలితో ఓ పది దెబ్బలు, అంతే. ముక్క చితకాలి గానీ గుజ్జు అవ్వకూడదు. దాన్ని వంకాయల్లో కూరి మూత పెట్టి మగ్గిస్తే ఆ ఉల్లిపాయ ముక్క ముక్కగానే వేగుద్ది. మీరేమో అన్నీ ఒకేసారి వేసి మెత్తగా తిప్పారు. అది ఉల్లికారం కాదు, ఉల్లిపాయ జ్యూసు.

నాలుగోలైను
అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో రోలు పెట్టి చూశా అన్నా. కింద ఫ్లాట్ ఆయన రెండోరోజే పైకొచ్చి "ఇంట్లో ఏమన్నా పగలగొడుతున్నారా" అని అడిగాడు.

మిర్చియార్డు మామ
ఆ ఉల్లికారంలోకి ఏ మిరపకాయ వేస్తన్నారో కూడా చూస్కోండి. తేజా వేస్తే కారం తప్ప ఉల్లిపాయ రుచే తెలీదు. మా ఇంట్లో 334 సన్నం. కారం సరిపోద్ది, నిలబడే రంగొస్తది. ఇంకా తక్కువ కారం కావాలంటే బ్యాడిగీ కలుపుకోండి. అది కర్ణాటక కాయ, రంగు దానిది, ఘాటు మనది.

కర్రీపాయింట్ కుర్రోడు
సత్యనారాయణపురంలో మా అన్నా నేనూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం, ఎనిమిదేళ్ళయింది. రోజూ పొద్దున పదిహేను కిలోల ఉల్లిపాయలు తెగుతాయి. మాకూ మొదటి నెల్లో అక్కకి అయినట్టే అయ్యింది. గ్రైండర్లో పచ్చి ఉల్లిపాయలు రుబ్బేసి, ఆ ముద్ద మూకుట్లో పోస్తే గంటైనా రంగు తిరగలా. మధ్యాహ్నం పన్నెండుకి జనం వస్తన్నారు, ముద్ద ఇంకా తెల్లగా బుడబుడమంటోంది. తప్పక అట్టాగే కూరల్లో వేశాం. సాయంత్రానికి సగం ప్యాకెట్లు వెనక్కి తెచ్చిచ్చారు.

తర్వాత ఓ పాత వంటమేస్త్రి నేర్పాడు. ఉల్లిపాయలో నూటికి దాదాపు తొంభై పాళ్ళు నీళ్ళేనంట. ఆ నీళ్ళు ఇగిరేదాకా మూకుట్లో ఉన్నది ఉడకటమే గానీ వేగటం కాదు. రుబ్బితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారే ఊరతాయి, పైన మన మిక్సీ కడిగిన నీళ్ళు అదనం. ఇప్పుడు మేం పొడుగ్గా చీరి, వెడల్పు మూకుట్లో, ముందే ఉప్పేసి వేయిస్తాం. ఉప్పు నీళ్ళు లాగుద్ది, తొందరగా మెత్తబడుద్ది. అంచులు ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి ముద్ద. అది మాత్రం ముందు వెయ్యకూడదు, అడుగంటుద్ది. పచ్చివాసన పోయి నూనె పక్కలకి తేలాక దింపి, అప్పుడు కావాల్సినంత వరకే రుబ్బుతాం. అదే ముద్ద ఎగ్ కర్రీకి, చికెన్‌కి, పనీర్‌కి. పప్పుకీ పులుసులకీ దాన్ని తాకం.

పటమట పాప
అంటే అన్ని కూరల్లోనూ ఒకే ముద్దా! అందుకే కర్రీ పాయింట్ కూరలన్నీ ఒకేలా ఉంటాయి.

కర్రీపాయింట్ కుర్రోడు
మూడే చెప్పా కదమ్మా. దొండకాయ వేపుడు రేపు రా, ఫ్రీగా పెడతా.

బయాలజీ మాస్టారు
కుర్రోడి మేస్త్రి చెప్పింది నూటికి నూరుపాళ్ళు రైటు. నీళ్ళుండగా మూకుట్లో వేడి వంద డిగ్రీలు దాటదు. ఎర్రబడటం గట్టిగా మొదలవ్వాలంటే 140 దాకా వెళ్ళాలి.

అరండల్‌పేట
చిటికెడు వంటసోడా వేస్తే పది నిమిషాల్లో ఎర్రబడుద్ది కదా, ఇంత కష్టం ఎందుకు?

తెనాలి తాలింపు
ఎర్రబడుద్ది, బంకలా కూడా అవుద్ది. మా మరిది పెళ్ళిలో ఎవరో అట్టా చేశారు, కూర సబ్బు వాసన.

సత్రం వంట
ఇంతసేపూ ఉల్లిపాయ లేకపోతే వంటే లేదన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ముప్పై ఏళ్ళుగా ఉల్లి వెల్లుల్లి లేకుండానే వండుతున్నాను, శ్రాద్ధాలకి, ఉపనయనాలకి, కార్తీక వనభోజనాలకి. మా ముద్ద అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర. మూడూ కలిపి కచ్చాపచ్చాగా దంచి, వంకాయ ముక్కలు మగ్గాక వేస్తాం. మొదట్లో కాదు, గుర్తుంచుకోండి, ఆఖర్న. దించే ముందు రెండు నిమిషాలు చాలు. అరటికాయకి అల్లం పచ్చిమిర్చితో పాటు నిమ్మరసం. కందకైతే ఆవపిండి. పులుసుకి ఇంగువ. ఏ కూరకి ఏ ముద్ద అన్నది కూరగాయ చెప్తుంది. అన్నిట్లో ఒకే ముద్ద పోసి తిప్పడం హోటళ్ళు వచ్చాక నేర్చిన పని.

మిర్చియార్డు మామ
అయ్యగారూ, మీ ఇంగువ కొట్టే వాసనా మా వెల్లుల్లి వాసనా కళ్ళు మూసుకుంటే ఒకటే. ఉల్లి మానేశాం అంటారు, డబ్బాలో దాచుకుంటారు.

సత్రం వంట
దాచుకోవడం ఎందుకు, పోపుల పెట్టెలో అందరికీ కనపడేట్టే ఉంది.

బయాలజీ మాస్టారు
మామ సరదాకి అన్నా అందులో విషయం ఉంది. ఇంగువలోనూ గంధకం సమ్మేళనాలే, నూనెలో వేగగానే ఆ వాసన అందుకే. చెట్టు మాత్రం వేరే. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వైపు కొండల్లో పెరిగే మొక్క వేరు గాటు పెడితే కారే పాలు అది. మన నేల మీద పెద్దగా పండని సరుకు మన పులుసులోకి చేరి ఎన్ని వందల ఏళ్ళయిందో.

హోటల్ మేనేజ్‌మెంట్ థర్డియర్
మాకు కాలేజీలో మొదటి నెలంతా ఇదే, వంటకి అడుగున ఏం వేయించాలన్నది. ఫ్రెంచి వాళ్ళది మిర్‌పువా అంటారు. ఉల్లిపాయ రెండు పాళ్ళు, క్యారెట్ ఒక పాలు, సెలరీ అనే కాడకూర ఒక పాలు. సన్నగా తరిగి వెన్నలో సన్నసెగ మీద మగ్గిస్తారు, రంగు రానివ్వరు. సూపు, సాసు, మాంసం ఉడకబెట్టడం అన్నీ దాని మీదే. పద్దెనిమిదో శతాబ్దంలో మిర్‌పువా డ్యూక్ అనే ఆయన పేరు మీద వచ్చింది. ఇటలీ వాళ్ళు అవే మూడూ ఆలివ్ నూనెలో వేస్తారు, సొఫ్రీట్టో. స్పెయిన్ వాళ్ళ సొఫ్రీతోలో వెల్లుల్లి, టమాటా కూడా పడతాయి.

నాలుగోలైను
డ్యూక్ గారు వండేవాడా?

హోటల్ మేనేజ్‌మెంట్ థర్డియర్
లేదండీ, ఆయన వంటవాడు.

తెనాలి తాలింపు
ఎక్కడైనా అంతే. చెయ్యి వంటవాడిది, పేరు జమీందారుది.

కృష్ణలంక కోడలు
రంగు రాకుండా మగ్గించడం అన్నారు కదా, మరి మనం ఎర్రగా వేయిస్తాం. ఏది కరెక్టు?

హోటల్ మేనేజ్‌మెంట్ థర్డియర్
రెండూ కరెక్టే అక్కా. వాళ్ళకి తెల్ల సూపు కావాలి, మనకి ఇగురు కావాలి. వాళ్ళైనా ముదురు రంగు సాసులకి ఎర్రగానే వేయిస్తారు.

బాటన్‌రూజ్ బెజవాడ
పుట్టింది గవర్నర్‌పేట, ఇప్పుడుంటున్నది లూసియానా. ఇక్కడి వాళ్ళ మూడు దినుసులు ఉల్లిపాయ, సెలరీ, పచ్చ క్యాప్సికం. క్యారెట్ తీసేసి క్యాప్సికం పెట్టుకున్నారు. దానికి "హోలీ ట్రినిటీ" అని పేరు, మన త్రిమూర్తులు అన్నంత భక్తిగా చెప్తారు. మా ఆఫీసులో ఒకాయన గంబో అని ఇక్కడి పులుసు లాంటిది చెయ్యడం చూపించాడు. పిండి, నూనె కలిపి చాక్లెట్ రంగు వచ్చేదాకా ముప్పావు గంట చెయ్యి ఆపకుండా తిప్పి, అప్పుడు ఈ మూడూ పోశాడు. చర్‌ర్‌మంది. నాకు మా అమ్మ పోపులో ఉల్లిపాయలు వేసినట్టే అనిపించింది. తర్వాత బెండకాయ ముక్కలు. గంబో అన్న మాటే ఆఫ్రికా నుంచి వచ్చిందట, బెండకాయ అని అర్థం. అన్నంలో పోసిచ్చాడు. చింతపండు లేని బెండకాయ పులుసు అనుకుంటూ తిన్నా. పైకి మాత్రం అనలేదు.

మిర్చియార్డు మామ
అంటే బాగుండేది. ఓ చింతపండు ఉండ పార్శిల్ పంపించు ఆయనకి.

పటమట పాప
సెలరీ బెజవాడలో దొరుకుతుందా? బెంజ్ సర్కిల్ దగ్గర సూపర్‌మార్కెట్లో ఒకసారి చూశా, వాడిపోయి ఉంది. దాని బదులు ఇంట్లో కుండీలో ఉన్న వామాకు వేసుకోవచ్చేమో, వాసన దగ్గరగానే ఉంటుందిగా.

బయాలజీ మాస్టారు
వద్దు. కుండీలో మందంగా, నూగుగా పెరిగే వామాకు అసలు వాము మొక్కే కాదు. అది తులసి, పుదీనాల కుటుంబం, వాసన కలిసింది కాబట్టి ఆ పేరొచ్చింది. బజ్జీలు వేసుకో.

ఇక్కడ నాకెప్పుడూ ముచ్చటగా అనిపించే సంగతి ఒకటి. క్యారెట్, సెలరీ రెండూ ఒకే కుటుంబం మొక్కలు. కొత్తిమీర, జీలకర్ర, అసలైన వాము, సోంపు, ఆఖరికి సత్రం వారి ఇంగువ కూడా అదే కుటుంబం. పూత చూడండి, అన్నిటికీ గొడుగులాగే ఉంటుంది. ఫ్రెంచి వంటవాడు ఉల్లిపాయకి తోడుగా ఆ కుటుంబంలో దుంపనీ కాడనీ పట్టుకున్నాడు. మనం ఆకునీ గింజనీ జిగురునీ పట్టుకున్నాం. ఉల్లిపాయ పక్కన ఆ కుటుంబం నుంచి ఎవరో ఒకరు ఉండాల్సిందేనని రెండు వైపులా తోచినట్టుంది.

సత్రం వంట
ఉల్లిపాయ లేకపోయినా వాళ్ళు ఉన్నారు మాస్టారూ మా దగ్గర.

అరండల్‌పేట
కరివేపాకో?

బయాలజీ మాస్టారు
కరివేపాకు నిమ్మ కుటుంబం. ఆకు నలిపి వాసన చూస్తే మీకే తెలుస్తుంది.

రోలు రోకలి
ఇంతమంది మన పాత పద్ధతి, పాత పద్ధతి అంటన్నారు గానీ శ్రీనాథుడి కాలంలో మిరపకాయే లేదు ఈ దేశంలో. పోర్చుగీసు వాళ్ళు తెచ్చిందాకా మిరియాలే. మనం అమ్మమ్మల నాటిదనుకునే ఉల్లికారం వయసు ఆ లెక్కన మరీ అంత కాదు.

మిర్చియార్డు మామ
గుంటూర్లో కూర్చుని అనరాని మాట అన్నావు. యార్డు వైపు రాకు.

కర్రీపాయింట్ కుర్రోడు
ఉల్లి లేకుండా అంటే నాకు 2019 డిసెంబర్ గుర్తొచ్చింది. కిలో వంద దాటింది. రైతు బజార్లలో ప్రభుత్వం పాతిక రూపాయలకి ఇస్తే తెల్లారకముందే క్యూలు. మాకు రోజుకి పదిహేను కిలోలు కావాలి, క్యూలో నిలబడితే ఇచ్చేది ఒక్క కిలో. అప్పుడు మా అన్న సగం ఉల్లిపాయ, సగం క్యాబేజీ తురుము వేయించాడు. చూడ్డానికి తేడా తెలీదు. తిన్నాక తెలుస్తది. ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు, కౌంటర్ దగ్గర నిలబడి "బాబూ, ఎగ్ కర్రీలో క్యాబేజీ ఎప్పట్నుంచి?" అన్నాడు మెల్లగా. సిగ్గేసింది. తర్వాత సొరకాయ ఉడకబెట్టి, జీడిపప్పు ముక్కలతో రుబ్బి వేశాం. అది నయం. కార్తీకమాసంలో ఇప్పటికీ అదే చేస్తాం, మూకుడు కూడా వేరే.

తెనాలి తాలింపు
నిజం చెప్పావు కాబట్టి సరిపోయింది అబ్బాయ్.

అరండల్‌పేట
అల్లం వెల్లుల్లి ముద్దలో పాళ్ళెంత? మా ఇంట్లో సమం. మా వదిన వాళ్ళు వెల్లుల్లి రెట్టింపు వేస్తారు.

మిర్చియార్డు మామ
మటన్‌కి వెల్లుల్లి రెట్టింపు. ఇందులో చర్చ లేదు.

రోలు రోకలి
ఉంది. మటన్‌కి అల్లమే ఎక్కువ ఉండాలి, ముక్క మెత్తబడుద్ది.

బయాలజీ మాస్టారు
మెత్తబడేది నిజమే. పచ్చి అల్లంలో మాంసాన్ని అరగదీసే ఎంజైము ఉంది, బొప్పాయి కాయలో ఉన్నట్టు. అల్లం టీలో పాలు విరిగేదీ దాని వల్లే. నీళ్ళలో అల్లం ముందు మరగనిచ్చి తర్వాత పాలు పొయ్యండి, విరగవు.

నాలుగోలైను
ఇరవై ఏళ్ళుగా మా పాలవాణ్ణి తిడుతున్నా.

పటమట పాప
ఇంకో డౌటు. నేను నెలకి సరిపడా అల్లం వెల్లుల్లి పట్టి నిమ్మకాయ పిండి సీసాలో పెట్టా. నాలుగో రోజుకి ఆకుపచ్చగా మారింది. పారెయ్యాలా?

హోటల్ మేనేజ్‌మెంట్ థర్డియర్
పచ్చరంగు పులుపు తగిలిన వెల్లుల్లిది. చైనాలో కావాలని వెనిగర్‌లో ఊరేసి, పచ్చగా అయ్యాకే తింటారు. బూజు, పుల్లటి కుళ్ళు వాసన ఉంటే మాత్రం పారెయ్యి.

బయాలజీ మాస్టారు
రంగు కంటే భయపడాల్సింది ఇంకోటుంది. పచ్చి వెల్లుల్లి ముద్ద మీద నూనె పోసి బయట గట్టు మీద పెట్టకండి. నూనె కింద గాలి ఉండదు. అక్కడ బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరగొచ్చు, వాసనలో ఏ తేడా ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. నెలకి సరిపడా కావాలంటే ఐస్ ట్రేలో గడ్డ కట్టించి పెట్టుకోండి.

తెనాలి తాలింపు
మా అమ్మ ఏ పూటకాపూట దంచేది. నెలకోసారి చేస్తే చెయ్యి నొప్పి తగ్గుద్ది, కూరలో వాసనా తగ్గుద్ది.

కృష్ణలంక కోడలు
రిపోర్టు ఇస్తున్నా. ఇవాళ కుర్రోడు చెప్పినట్టు చీలికలు ఉప్పేసి వేయించా, అంచులు ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి, చల్లారాక రోలు రోకలి గారన్నట్టు పలుకుగా పట్టా, మిక్సీ మూడు సార్లు అట్టా తిప్పి ఆపేశా. వంకాయల్లో కూరి మగ్గించా. చేదు లేదు! మా ఆయన పెరుగు దాకా రానే లేదు. మా అత్తగారు మాత్రం ఒక ముద్ద తిని "తియ్యగా ఉందేంటమ్మాయ్, పంచదార వేశావా?" అన్నారు.

కర్రీపాయింట్ కుర్రోడు
అక్కా, అది వేగిన ఉల్లిపాయ తీపి. నీళ్ళు పోయాయి కదా, ఉన్న తీపంతా చిక్కబడుద్ది. చింతపండు ఇంకో రెక్క ఎక్కువ వెయ్యండి.

మిర్చియార్డు మామ
చింతపండు కాదు, మిరపకాయలు ఇంకో నాలుగు.

సత్రం వంట
రెండూ వద్దు. ఉల్లిపాయలు ఆరు కాకుండా మూడు వెయ్యండి.

కృష్ణలంక కోడలు
మా అత్తగారూ అదే అన్నారు. "పావుకిలో వంకాయలకి ఆరు ఉల్లిపాయలేంటి, అది వంకాయ కూరా, ఉల్లిపాయ కూరా" అని.

రోలు రోకలి
పావుకిలోకి ఆరా!! ఇది మొదటి పోస్టులోనే చెప్పాలి కదమ్మా.

నాలుగోలైను
అంటే మిక్సీది తప్పు కాదని తేలింది. నా దగ్గర రెండు మిక్సీలున్నాయి, ఒకటి ఇచ్చేస్తా. బ్రాడీపేట వచ్చి తీసుకెళ్ళాలి.

పటమట పాప
జార్లెన్ని?

నాలుగోలైను
మూడు. చట్నీ జారు మూత లేదు.